సన్యాసమ్మ గుప్పెడు

పన్నుల శాఖ మనుషుల్ని పంపడం ఎప్పుడో మానేసింది. ఇప్పుడు ప్రతి కొట్లోనూ తూకం మిషనే ఆడిటరు. తూచేదీ అదే, పైకి చాడీలు చెప్పేదీ అదే.

విజయనగరంలో కారప్పూస అమ్మే సన్యాసమ్మని అది తెల్లారగానే నిలదీసింది. "ఏడాదిలో తొంభై కిలోల సరుక్కి బిల్లు లేదు. సాయంత్రంలోగా రుజువు చూపకపోతే కొట్టుకి సీలు."

పద్దులు రాసే పైడిరాజు, ఆమెకి తమ్ముడి వరస, పుస్తకం తెరిచాడు. "పాడైపోయిందని రాసేద్దామప్పా."

"నా సరుకు పాడైపోనాదా? నోరు పడిపోద్ది! అది కొసరురా."

తూకమయ్యాక పొట్లంలో గుప్పెడు కొసరు వెయ్యకుండా ఆమె ఎవరినీ పంపలేదు. ఆ గుప్పెడు మాత్రం మిషనెక్కలేదు.

"మరి రుజువేదప్పా?"

సన్యాసమ్మ చెయ్యి తుడుచుకుని గుప్పెడు కారప్పూస మిషన్ మీద పోసింది. ముప్పై గ్రాములు. తీసి మళ్ళీ పోసింది. ముప్పై. పదిసార్లు పోసినా ముప్పయ్యే. తూకంరాళ్ళకి వేసినట్టు ఏ ఆఫీసూ ముద్ర వెయ్యని చెయ్యి అది.

"ఏడాది బిల్లులెన్నో ఇప్పుడు లెక్కెట్టవే."

"మూడు వేలు," అంది మిషన్. "మూడు వేల ముప్పైలు తొంభై కిలోలు. సరిపోయింది. తేడా లేదు" అంది.

సన్యాసమ్మ దాని పళ్ళెంలో ఇంకో గుప్పెడు పోసింది. "పొద్దున్నించీ అరిసావు కదా. ఇది నీ కొసరు."