ఐదో చెంచా

"థూ!"

గోపాలరావు నోట్లోని సూపును సాసర్‌లోకి ఉమ్మేశాడు. ఎర్రటి తుంపర్లు తెల్లటి టేబుల్ గుడ్డ మీద చిందాయి. ఎదురుగా కూర్చున్న విమల చెయ్యి చెంచాతో సహా గాలిలోనే ఆగిపోయింది.

"ఏంది పెద్దనాయినా, నోరు కాలిందా?" అన్నాడు విమల భర్త శ్రీపతి.

"నోరు కాలితే మానుతది. ఇది మానదు." గోపాలరావు కండువాతో నాలుక తుడుచుకుని బేరర్‌ను పిలిచాడు. "ఏమయ్యా, ఇప్పుడు నాతోని ఏమన్నవో మల్ల అను. వీళ్లు కూడా వినాలె."

బేరర్ రాజమల్లు గల్లాపెట్టె పైన ఉన్న ఫోటో వంక చూశాడు. అందులో షేర్వానీ తొడుక్కున్న పెద్దమనిషి నవ్వుతున్నాడు. "గా ఫోటోల ఎవరని మీరే అడిగిన్రు సార్. మా హోటల్ మాలిక్ అని చెప్పిన. యాడుంటడని అడిగిన్రు. కరాచీల అని చెప్పిన. గంతే గద."

"ఎప్పుడొస్తడు?"

"ఎందుకొస్తడు సార్? బాల్‌బచ్చాలంతా గాడనే ఉన్నరు. పాస్‌పోర్టు కూడా గాడనే తీసుకున్నడు."

"విన్నరా?" గోపాలరావు అప్పటికే సగం గిన్నె ఖాళీ చేశాడు. ఆ గిన్నెను ఇప్పుడు చచ్చిన ఎలుకను తోసినట్టు వేలితో దూరంగా తోసి, శ్రీపతి ముందున్న నూడుల్స్ ప్లేటు చూపించాడు. "మొన్న చైనావోడు కొట్టిండు. రేపో మాపో పాకిస్తానోడు కొడ్తడంటున్నరు. మనమేమో పాకిస్తానోని హోటల్ల కూసొని చైనావోని సేమియా తింటున్నం! లేవండి!"

ఎవరూ లేవలేదు. ఆబిడ్స్‌లో అన్ని రకాల తిండీ ఒకే చోట దొరికే హోటల్ అది. ఒక బల్ల మీద ఇడ్లీ, పక్క బల్ల మీద బిర్యానీ, అవతల కట్లెట్. ఆ వాసనలన్నీ కలిసి పంకా కింద తిరుగుతున్నాయి.

శ్రీపతి తండ్రి రామచందర్ తన అన్న గోపాలరావు ముఖం చూడలేదు. కోడలి గిన్నె వైపే చూస్తున్నాడు. విమలకు మూడో నెల. మూడు వారాలుగా ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు. అన్నం ఉడికే వాసనకే మోరీ దగ్గరికి పరుగెత్తుతోంది. "ఏది నిలిస్తే అది పెట్టండి, ఏమిటని అడక్కండి" అంది దవాఖానలో డాక్టరమ్మ. ఈ పొద్దున విమలే సిగ్గుపడుతూ, పెళ్లైన కొత్తలో శ్రీపతి ఇక్కడ తాగించిన టమాటా సూపు అడిగింది. ఇప్పటికి నాలుగు చెంచాలు దిగాయి. రామచందర్ లెక్కపెడుతూనే ఉన్నాడు.

"అన్నా, పిల్లను తిననియ్యి. మనమిద్దరం బయట నిలబడదాం."

"మనం బయట నిలబడి, మన ఇంటి పిల్లతోని లోపల ఈ కుడితి తాగిస్తమా? ఒక్కటే గంటెరా వీళ్లకు! మేక కలేజాల తిప్పిన గంటెనే తెచ్చి ఈ సూపుల తిప్పుతరు. ఆ నెత్తురు, ఆ నీచు..."

 విమల చెంచా కింద పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వద్దు మామయ్యా. ఇంటికి పోదాం."

మేనేజర్ హాషిం గల్లా దగ్గర నుంచి లేచి వచ్చాడు. కోపంగా లేడు. గుడ్డ మీది ఎర్ర చుక్కల్ని తానే తుడిచి, కోసిన నిమ్మకాయ చెక్క విమల ముందు పెట్టాడు.

"వాసన చూడు బేటీ. జర నిమ్మళమైతది." తర్వాత గోపాలరావు వైపు తిరిగాడు. "కూరగాయల వంటిల్లు వేరే ఉంది సాబ్. లోపలికొచ్చి చూడండి. రామచందర్ సాబ్, మీరన్నా చెప్పండి."

గోపాలరావు మెల్లగా తమ్ముడి వైపు తిరిగాడు. "నీ పేరు వీనికెట్ల తెలుసు?"

హాషిం ఏదో చెప్పబోయాడు. రామచందర్ వద్దన్నట్టు తల ఊపాడు. హాషిం రెండడుగులు వెనక్కి వేశాడు.

"నువ్వు ఈడికి వస్తుంటవా?"

"వస్త."

"ఎన్నిసార్లు?"

"నెలకోసారి. ఒకటో తారీఖు."

"ఛీ! జీతం చేతిల పడంగనే ఈడికా!" గోపాలరావు తన కుర్చీని తమ్ముడికి దూరంగా జరుపుకున్నాడు. "మరదలు పోయినంక నీకు అడిగేటోళ్లు లేకుంట పోయిన్రు. నేను రిటైరై నీ ఇంటికొచ్చి ఏడాదైతుంది. ఏడాది సంది నీ పక్కన కూసొని తిన్న గదరా! తలుచుకుంటే పేగులు బయటికొస్తున్నయి."

శ్రీపతి ఏదో అనబోయి, తండ్రి ముఖం చూసి తల దించుకున్నాడు.

"చూడు, కన్న కొడుకే సిగ్గుతోని సచ్చిపోతున్నడు. నేనైతే పాకిస్తానోని కప్పు కింద ఇంకొక్క నిమిషం ఉండ. విమలా, లేవమ్మా. ఇంటికి పోయి తలకు పోసుకుంటే ఈ మైల పోతది."

విమల లేవలేదు. నిమ్మచెక్క ముక్కు దగ్గర పెట్టుకుని రెండు మూడుసార్లు ఊపిరి పీల్చింది. ముఖంలోకి కొంచెం కళ వచ్చింది. గిన్నెను చూసింది, మామను చూసింది.

"ఆకలైతుంది మామయ్యా," అంది.

మూడు వారాల్లో ఆ మాట వినడం రామచందర్‌కు ఇదే మొదలు.

"కూసో తల్లీ. తిను."

విమల ఐదో చెంచా నోట్లో పెట్టుకుంది. మింగింది. నిలిచింది.

గోపాలరావు టేబుల్ మీద గుద్దాడు. "ముందు నాకు జవాబు చెప్పు. నెలనెలా ఈ పాకిస్తానోని కాడ నీకేం పని?"

రామచందర్ కోడలి గిన్నెను ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

"కిరాయి కట్టిపోత అన్నా. మనముండే ఇల్లు కూడా ఆయనదే."