నాన్న చెప్పిన టైమింగు

కిక్కర్ మీద ఒంటి బరువంతా వేసి పదమూడోసారి తొక్కాడు సీట్ల మేస్త్రీ. బండి సైలెన్సర్లో టపీమని ఒక్క పేలుడు పేలి, ఇంత పొగ కక్కి ఊరుకుంది.

వరండాలోకి తెరిచిన కిటికీ అవతల, మంచం మీద నుంచి నవ్వు వినిపించింది. దాని వెనకే దగ్గు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట. బండిని తిడుతున్నావేంట్రా?"

"నేనేం అన్లేదు నాన్నా."

"పెదాలు కదిలాయి, నేను చూశాను. టైమింగు కుదర్లేదు. మంట పుట్టించే ఆ పాయింట్లు మళ్ళీ విప్పు."

"పోయిన వారం నువ్వు చెప్పినట్టే పెట్టాను గదా!"

"పెట్టడం వేరు, పెట్టాననుకోవడం వేరు. పిస్టన్ పైదాకా వచ్చి, వెంట్రుకవాసి కిందికి దిగాక మంట పుట్టాలి. దిగాక. చెవికెక్కిందా?"

"ఎక్కింది."

అతను బస్సులకి సీట్లు కుట్టేవాడు. స్పానర్ పట్టి ఒక బండి కట్టడం ఈ ముసలి మోటారు సైకిలుతోనే మొదలు. తండ్రి నలభై ఏళ్ళు మోటారు సైకిళ్ళ షెడ్డు నడిపిన మనిషి. ఏడో తరగతిలో బడి మానేసిన కొడుకుని వారం రోజులు పక్కన పెట్టుకుని, ఎనిమిదో రోజున పదిమంది ఎదుట "నీ చేతికి సూది చాలు, పో" అన్నాడు. పోయాడు. సూదే పట్టాడు. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆమె మొహం చూసి వచ్చేవాడు. ఆమె పోయాక అదీ లేదు. మధ్యలో ఉన్నవి రెండు వీధులే. తొమ్మిదేళ్ళు వాటిని దాటలేదు.

మొన్న ఎండాకాలం అక్క అతని కొట్టుకి వచ్చింది.

"నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయిరా. ఆ పాత బండి నీకే ఇస్తాడట. కాకపోతే నువ్వే, నీ చేతుల్తోనే నడిచేలా చెయ్యాలట. షెడ్డువాళ్ళెవరూ ముట్టుకోకూడదట."

అతను వెళ్ళాడు. గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"స్టార్టయిన రోజే తోలుకుపోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను."

"అలాగే," అన్నాడు తండ్రి.

నిజానికి అతనికి బండి అక్కర్లేదు. ఆ నోటితో 'శభాష్' అనిపించుకోవాలి. ముప్ఫై ఏళ్ళ ఆకలి అది.

ప్రతి ఆదివారం వచ్చేవాడు. వెనక మడ్‌గార్డు సగానికి కోశాడు. హ్యాండిల్ దించాడు. ట్యాంకుకి తుప్పు గీకి, నల్ల రంగు మూడు పూతలు వేశాడు. ఇద్దరు కూర్చునే సీటు తీసేసి, ఒక్కడికి సరిపడేది తోలుతో కుట్టాడు. అదొక్కటే మొదటిసారే కుదిరింది. మిగతాదంతా కిటికీలోంచి తండ్రి చెప్తుంటే విప్పడం, బిగించడం, తిట్లు తినడం. తండ్రి అప్పటికే గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని దిండుకి ఆనుకుని ఉండేవాడు. ఆదివారాలు డాక్టరు వస్తాడు కాబోలనుకున్నాడు కొడుకు.

ఇప్పుడు షెడ్డు నడుపుతున్నది అక్క మొగుడు. బండి పొగ కక్కి ఊరుకున్న ఆ ఆదివారం భోజనానికి వచ్చి, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సీటు అదిరిందోయ్ బావమరిదీ! కాకి ముక్కుకి దొండపండే. స్టార్టవకపోతే మానె, కూర్చుని పేపరు చదువుకోవచ్చు."

"నీకేం బావా, పుట్టుకతోనే స్పానర్ పట్టుకుని పుట్టావు."

బావ వంగి ఇంజను వైపు చూశాడు. కనుబొమలు ముడేసి ఏదో అనబోయాడు.

"అల్లుడూ!" కిటికీలోంచి కసురు. "తిని పో. వాడి పని వాణ్ణి చేసుకోనీ."

బావ నోరు మూసుకుని లోపలికి పోయాడు.

ఆ గురువారం తండ్రి పోయాడు. ఇరవై ఆదివారాలు దగ్గర కూర్చున్నా కొడుక్కి ఆ ఒక్క మాటా అందలేదు.

తర్వాతి ఆదివారం కాళ్ళు వాటంతటవే అక్కడికి నడిచాయి. కిటికీ అవతల మంచం లేదు. ఎవరూ తిట్టలేదు. పాయింట్లు విప్పి, చెప్పినట్టే బిగించి తొక్కాడు. టపీమంది. పది తొక్కులు తొక్కి, వరండాలో నిలబడి చూస్తున్న బావ పక్కన మెట్టు మీద చతికిలబడ్డాడు.

"ఆయన చెప్పిందే నిజం బావా. ఇవి పనికిమాలిన చేతులు."

బావ వెళ్ళి బండి పక్కన కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ అందుకుని, పాయింట్లు బిగించిన పళ్ళాన్ని గోరంత పక్కకి తిప్పాడు. లేచి తొక్కాడు. మొదటి కిక్కుకే బండి అందుకుంది. అక్క లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏం చేశావు బావా?"

"పిస్టన్ పైకి వస్తుండగా పుట్టాలి మంట. నువ్వు దిగాక పెట్టావు. నిన్న షెడ్డులో చేరినవాడికి కూడా తెలుస్తుందది."

"దిగాకే అన్నాడు! ఇరవై వారాలూ అదే అన్నాడు... పాపం, మతి తప్పిందేమో."

"మతా? పోయే ముందురోజు ఫోన్లో ఇంజను చప్పుడు విని, ఏ వాల్వు లూజుగా ఉందో చెప్పాడు నాకు."

అతని మొహం మాడిపోయింది.

"అయితే కావాలనే చెప్పాడన్నమాట. పోతూపోతూ కూడా నన్ను చేతకానివాణ్ణి చేసిపోయాడు."

బావ ఇంజను ఆపాడు. చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

"నేనూ అడిగాను, వాణ్ణెందుకు మామయ్యా ఇలా ఏడిపిస్తావు అని."

"ఏమన్నాడు?"

"'సరిగ్గా చెప్తే వచ్చే ఆదివారం రాడు అల్లుడూ' అన్నాడు."