ఫ్రెంచి దొర కారు

"చెయ్యి చూపియ్యి," అంది సంజీవమ్మ, వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి.

ఆమె మొగుడు తిమ్మయ్య కుడి మణికట్టు వాచిపోయి ఉంది. వాళ్లు బాబా అని పిలిచే కువైట్ యజమాని పాతకాలపు కారును స్టార్ట్ చేయబోతే, ముందున్న హ్యాండిల్ ఎదురుతిరిగి కొట్టింది.

"బాబాకు చెప్పు."

"చెప్తే ఖలాస్. చుట్టాలొచ్చి కూసున్యారు. బండి లేయకపోతే ఇంజను పీకేసి బొమ్మ మాదిరి నిలబెడతాడంట. ఇంక కువైట్‌లో నాకేం పనుంటాది? దీన్ని చేసిన ఫ్రెంచి దొర కంపెనీ మూతపడి, కడాకు ఇంగొకరి షెడ్డులో కూలికి పోయినాడు. ఆయప్ప బండ్లల్లో తిరిగేది ఇదొకటే మే."

ఆ దొర మాటెత్తితే చాలు, ఇన్నేళ్లుగా ఆమె విసుక్కుని లేచి వెళ్లిపోయేది. ఇప్పుడు వంగి హ్యాండిల్ పట్టుకుంది.

"బొటనేలు చుట్టొద్దు! పైకి లాగు!"

ఎంత లాగినా పలకలేదు. లోపల్నుంచి బాబా "యల్లా!" అని తొందరపెడుతూ అరుస్తున్నాడు. తిమ్మయ్య ఏడ్చేశాడు. ఆమె పళ్లు బిగించి మళ్లీ లాగింది. బండి దగ్గి, ఒళ్లంతా వణుకుతూ లేచింది.

బాబా చుట్టాలను ఎక్కించుకుని గేటు దాటాడు. వీళ్ల వంక చూడనైనా లేదు.

"పా, ఆస్పత్రికి," అంటూ ఆమె తన చున్నీతో అతని చేతిని మెడకు కట్టింది. ముడి వేస్తూ మెల్లగా అడిగింది.

"ఆ దొరకు పెండ్లాం ఉండెనా?"