మిస్టర్ టార్పాలిన్

మధ్యాహ్నం బేరాలు పల్చబడ్డాక షావుకారు తాళ్ళ చుట్టల వెనక ముక్కాలిపీట వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చుకున్నాడు.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మిస్టర్ టార్పాలిన్," అంది మేడమ్.

"గుడ్ ఆఫ్టర్‌నూన్, మేడమ్."

ఫోన్లో ఇంగ్లీషు నేర్పే ఆ యాప్‌లో మొహాలు కనపడవు. అసలు పేర్లూ ఉండవు. ఎవరికి తోచిన పేరు వాళ్ళు పెట్టుకోవచ్చు. ఆయన తను అమ్మే సరుకు పేరే పెట్టుకున్నాడు. మొదటిరోజు టీచర్ల గొంతులు వరసగా వినిపిస్తే, ఒక్కొక్కరినీ వద్దంటూ వచ్చి ఈమె దగ్గర ఆగాడు. తాడు కొనేవాడు లాగి చూసుకున్నట్టు, ఆ గొంతు మళ్ళీ మళ్ళీ విని మరీ ఖాయం చేసుకున్నాడు.

అక్కడ నియమం ఒకటుంది. టీచరు నోట తెలుగు మాట రాకూడదు. క్లాసంతా యాప్‌లోని మిషను వింటూనే ఉంటుంది. ఒక్క మాట దొర్లిందా, టీచరు ఉద్యోగానికే ఎసరు.

ఈ వయసులో షావుకారుకి ఇంగ్లీషు ఏం గిట్టుబాటు? తాళ్ళూ టార్పాలిన్లూ కొనేవాళ్ళెవరూ ఇంగ్లీషులో బేరమాడరు. రాబడి లేని పని మీద పూట కూడా పెట్టని మనిషి. అలాంటివాడు ఏడాదిగా మొదటి మెట్టు మీదే చతికిలబడ్డాడు.

రాక కాదు. వారం వారం పరీక్షలో అన్నీ బాగానే చెబుతాడు. చివరి ప్రశ్న దగ్గర మాత్రం మూగనోము పడతాడు. 'మీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పండి.' అంతే, ఇక నోరు పెగలదు. మిషను ఫెయిల్ చేసేస్తుంది. మేడమ్ కూడా రెట్టించదు. వచ్చేవారం చూద్దాం అని ఊరుకుంటుంది.

లెక్క సులువే. పాసైతే పై మెట్టు. పై మెట్టుకి వేరే టీచరు.

ఆ లెక్క ముందు గుమస్తాకి అర్థమైంది. గుమస్తా నుంచి షావుకారు భార్యకి చేరింది.

ఆవేళ ఆమె క్యారియర్ తెచ్చి కౌంటర్ మీద ఠంగుమనేలా పెట్టింది. పెట్టి కదల్లేదు.

"ఇవాళ ఇక్కడే కూర్చుంటా. ఆ మేడమ్‌గారు అంత కమ్మగా ఏం చెబుతుందో నేనూ చూస్తా."

షావుకారు ఫోన్లో తన గొంతు వినపడకుండా నొక్కాడు. "నీకెందుకే? ఇంటికెళ్ళు."

"వెళ్ళి ఎవరితో మాట్లాడను, గోడలతోనా? నాతో ఉప్పు చాలిందా లేదా అన్న ముక్క తప్ప మాటల్లేవు. ఆవిడతో రోజూ కబుర్లు! కన్నకూతురు ఎవణ్ణో ఇష్టపడిందని గడప దాటించిన పెద్దమనిషి. ఇప్పుడు మీరు చేసేదాన్ని ఏమంటారో?"

షావుకారు మళ్ళీ ఫోను నొక్కి, కళ్ళు మూసుకుని విన్నాడు.

మేడమ్ గొంతు అలిసిపోయి ఉంది. విరిచి విరిచి, నెమ్మది ఇంగ్లీషులో చెప్పింది. రేపటి నుంచి మొదటి మెట్టంతా మిషనే నేర్పుతుందట. మనుషులకి పై మెట్టు ఒక్కటే మిగిల్చారట. ఇవాళ పాసైనవాళ్ళు తమ టీచరుతోపాటే పైకి వస్తారు. కానివాళ్ళు మిషనుకి.

"డూ యూ అండర్‌స్టాండ్, సర్?"

బాగానే అర్థమైంది. ఇన్నాళ్ళూ ఫెయిలైతేనే నిలిచిన బేరం. ఇవాళ ఫెయిలైతే చెడిపోయే బేరం.

ప్రశ్నలు మొదలయ్యాయి. కొట్టు గురించి చెప్పాడు. వాన గురించి చెప్పాడు. స్టేషనుకి దారి అడిగితే చెప్పాడు. భార్య స్టూలు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

చివరి ప్రశ్న వచ్చింది. మీ ఇంట్లోవాళ్ళ గురించి చెప్పండి.

షావుకారు చేతిలో ఉన్న తాడు కొసకి పురి విప్పుతూ ఉండిపోయాడు. ఫోన్లో గడువు కరిగిపోతోంది. అవతల మేడమ్ ఊపిరి వినపడుతోంది.

అప్పుడు మొదలుపెట్టాడు. తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ అందుకుంటూ. భార్యకి ఇంగ్లీషు రాదు. అంత గొడవలో ఆమె పట్టుకోగలిగిన మాటలు మూడే. సారీ. కమ్. హోమ్.

"కమ్ హోమా?" ఆమె లేచి నిలబడింది. "ఇంటికి రమ్మంటున్నారా దాన్ని? నా ఇంటికా?"

గుమస్తా కొనడానికొచ్చిన మనిషిని వదిలేసి ఇటే చూస్తున్నాడు. షావుకారు తలెత్తలేదు. ఉత్తరీయం కొసతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు. అది చూసేసరికి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. కాపురానికొచ్చిన ఇన్నేళ్ళలో ఒక్కసారీ తడవని కళ్ళవి.

ఆయన చెవిలోది పీకి తన చెవిలో పెట్టుకుంది. తిట్లు నాలుక చివర వరసకట్టి ఉన్నాయి.

అవతలి గొంతు, మిషను వింటోందని తెలిసీ, తెలుగులోనే అంది.

"పాసయ్యావు నాన్నా."