మూడు రేకుల తల్లి

"జేసీబీ ఆపరా! ముందు నా మీద నుంచి పోనియ్యి!"

ముసలావిడ రెండు చేతులూ చాపి ఇనప తొండం ముందు నిలబడింది. డ్రైవరు బ్రేకు తొక్కాడు.

దుర్గ్ దగ్గర ఉతై రోడ్డులో ఎప్పుడో మూతపడిన చిన్న కంపెనీ షెడ్డు అది. అందులో ఉన్న పాత ఇనుమంతా వేలంలో కొన్నాడు కుమ్హారి ఊరి స్క్రాపు వ్యాపారి బంగార్రాజు.

షెడ్డు మూలన నడుమెత్తు సిమెంటు దిమ్మ. దానికి పసుపు పూత. పసుపు మీద కాటుకతో మూడు నల్లటి రేకులు. చుట్టూ చాలా దూరంలో రాళ్ల వరస.

"ఏటమ్మా ఇది?" అన్నాడు బంగార్రాజు.

"మూడు రేకుల తల్లి."

"విజీనారం పైడితల్లి తెలుసు, అనకాపల్లి నూకాలమ్మ తెలుసు. ఈ తల్లి పేరు ఎప్పుడూ ఇన్లేదే!"

"ఇప్పుడు విన్నావుగా. రాళ్లు దాటకు."

"కుంకం ఏదీ?"

"ఈ తల్లికి ఎరుపు పడదు."

గ్యాస్ కట్టర్ పట్టుకున్న చిట్టిబాబు కిసుక్కున నవ్వాడు.

"భయ్యా, ఈ పూజారమ్మ కూడా రాళ్లు దాటదంట. పువ్వులు బయట్నుంచే ఇసిరేస్తాదంట!"

"తల్లికి కోపం ఎక్కువ నాయనా," అంది ముసలావిడ. "ఐదేళ్లకి సగం తగ్గుతుంది. ఇంకో ఐదేళ్లకి మిగిలినదాంట్లో సగం."

"సగం కోపమేటమ్మా! మా గున్నమ్మకి కాస్త నేర్పు, నా కాపురం బాగుపడతాది!"

షెడ్డంతా నవ్వింది. గున్నమ్మ అంటే బంగార్రాజు భార్య అని అందరికీ తెలుసు.

ముసలావిడ నవ్వలేదు.

"సోమవారం దాకా ఆగు. ఆ రోజు తల్లికి ఊరేగింపు. పెద్ద లారీ వస్తుంది, ముందు పోలీసు జీపు. ఆ తర్వాత దిమ్మతో సహా పట్టుకుపో."

"పోలీసు జీపా! బ్యాండు మేళం లేదా?"

బంగార్రాజు కళ్లతో సైగ చేశాడు. ఇద్దరు కూలీలు ఆవిడని రెక్కలు పట్టుకుని గేటు దగ్గరికి నడిపించారు.

తొండం లేచింది. దిమ్మ మీద పడింది.

రెండో దెబ్బకి దిమ్మ పగిలింది. లోపల్నుంచి నల్లటి బరువైన కుండ ఒకటి దొర్లింది. మూత ఊడింది.

"సీసం!" చిట్టిబాబు గంతేశాడు. "భయ్యా, మొత్తం సీసమే!"

కుండలోంచి చిటికెనవేలంత ఉక్కు ముక్క జారి నేల మీద పడింది. తళతళా మెరుస్తోంది.

గేటు దగ్గర కేక.

"అది దేవత కాదురా! రేడియేషన్! ముట్టుకుంటే చెయ్యి కుళ్లిపోతుంది! పరిగెత్తండి!"

"ఇందాక అమ్మోరన్నావు, ఇప్పుడు రేడియో అంటన్నావు. ఏదో ఒకటి తేల్చుకో మామ్మా!" అన్నాడు చిట్టిబాబు.

వంగాడు. చెయ్యి చాచాడు.

ముసలావిడ పక్కనున్న కూలీ చేతిని కసుక్కున కొరికింది. పట్టు విడిపించుకుంది. పరుగు పెట్టింది.

ఏనాడూ దాటని రాళ్లు దాటింది.

భుజంతో చిట్టిబాబుని ఒక్క తోపు తోసింది. వాడు వెల్లకిలా పడ్డాడు. వాడి పక్కన పడిన పట్కారు అందుకుని, ఆ ముక్కని పట్టి కుండలో పడేసింది. రెండు చేతులతో మూత ఎత్తి బిగించింది.

"అందరూ గేటు బయటికి! ఇప్పుడే!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ గొంతులో ఏముందో గానీ జేసీబీ డ్రైవరు కూడా దూకి పరిగెత్తాడు.

అందరికన్నా ఆఖర్న వచ్చింది ఆవిడ.

"ముట్టుకున్నావా?"

"లేదమ్మా," అన్నాడు చిట్టిబాబు.

"నిజం చెప్పు."

"నీ మీదొట్టు!"

అప్పుడు నవ్వింది. గోడకి చేరగిలబడి గుండె పట్టుకుంది. ఒగరుస్తూనే బంగార్రాజుకి ఒక ఫోన్ నంబరు చెప్పింది.

"ఊరేగింపు సోమవారం కాదు, వెంటనే రమ్మను. తల్లి బయటికొచ్చిందని చెప్పు."

బంగార్రాజు అలాగే చెప్పాడు. అవతలి మనిషి "ఏ తల్లి?" అని అడగలేదు.

"దూరం జరగండి. ఎవర్నీ లోపలికి పోనివ్వకండి. పోలీసుల్ని పంపుతున్నాం."

అంబులెన్సు దుర్గ్ చేరకముందే ఆవిడ గుండె ఆగిపోయింది.

రాత్రంతా పోలీసులు గేటు కాశారు. మర్నాడు ముందు పోలీసు జీపు వచ్చింది. వెనకే పెద్ద లారీ. లారీ పక్క పసుపు పలక మీద మూడు నల్లటి రేకులు!

"ఓలమ్మా, తల్లి బొమ్మ!" కొబ్బరికాయతో వచ్చిన గున్నమ్మ దండం పెట్టింది.

"దేవత కాదండీ, ప్రమాదం గుర్తు," అంది లారీతో వచ్చిన ఆఫీసరు అపర్ణ. "ఉక్కులో పగుళ్లు కనిపెట్టడానికి వాడే కోబాల్ట్ అది. దాని రేడియేషన్ ఐదేళ్లకోసారి సగమవుతుంది. కంపెనీ మునిగింది. కేసు కోర్టులో పడింది. సరుకు ఇక్కడే ఉండిపోయింది. నిన్న పోయిన దుర్గాదేవి మేడం ఈ కంపెనీ రేడియేషన్ భద్రతాధికారి. జీతం ఆగినా ఆవిడ రావడం ఆపలేదు. తిరిగి తిరిగి, సోమవారం దీన్ని తరలించడానికి అనుమతి తెచ్చిందీ ఆవిడే."

"మరి బోర్డు పెట్టొచ్చు కదమ్మా?" అన్నాడు బంగార్రాజు.

"పెట్టారు. ఇదే గుర్తున్న రేకు బోర్డు. ఎన్నిసార్లు పెట్టినా ఎవరో పీకి అమ్ముకున్నారు. లోపల ఏముందో చెప్తే సీసం కోసం దొంగలొచ్చారు. ఇంక లాభం లేదని పసుపు కొన్నారు."

బంగార్రాజుకి ఆ బోర్డులు గుర్తొచ్చాయి. పసుపు రేకులు. మూడేసి నల్ల మచ్చలు. తన దుకాణంలో తనే తూకం వేసి కొన్నాడు.

గున్నమ్మ చేతిలోంచి కొబ్బరికాయ తీసుకుని లారీ ముందుకి నడిచాడు.

"ఆవిడ పేరు మీద కొడతానమ్మా. ఇన్నేళ్లు పూజ చేసిన మనిషి."

అపర్ణ అతని చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"వద్దండీ. మా మేడం నాస్తికురాలు."