మందుదా, మామూలుదా

పెయింటర్ విసిరిన దిండు సూటిగా వెళ్లి పక్క మంచం మీద పడింది.

పక్క మంచం ముసలాయన దాన్ని దులిపి కాళ్ల దగ్గర పెట్టుకున్నాడు. కాళ్లు అనడం అలవాటు కొద్దీ. ఆయనకున్నది ఒక్క కాలే. రెండోది మోకాలి పైకి తీసేశారు.

"ఇంకోసారి అడిగావంటే ఈసారి వచ్చేది దిండు కాదు, నీళ్ల సీసా" అన్నాడు పెయింటర్.

"తప్పుగా ఏం అడగలేదు బాబూ. రేపు నీ కాలి రక్తనాళంలో పెట్టే బెలూన్ మందు పూసిందా, మామూలుదా అన్నాను, అంతే."

"ఏదైతే నీకెందుకయ్యా?"

పెయింటర్‌కి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు దానికి కారణం కూడా దొరికింది. నిచ్చెన నాలుగు మెట్లు ఎక్కేసరికి పిక్క పట్టేస్తోంది. నాళం పూడుకుపోయిందన్నారు. బెలూన్‌తో తెరవకపోతే కాలికే ముప్పన్నారు. కాలు పోతే నిచ్చెన పోయినట్టే, ఇంట్లో పొయ్యి ఆరినట్టే. అలాంటి మనిషికి పొద్దున లేస్తే ఎదురుగా తెగిన కాలు కనిపిస్తుంటే ఒళ్లు మండదూ?

"కాస్త మెల్లగా. పెద్దాయన" అంది భార్య.

"పెద్దాయనైతే పెద్దాయనలా ఉండమను. డాక్టరొస్తే డాక్టర్ని అడుగుతాడు, నర్సొస్తే నర్సుని అడుగుతాడు. నా కాలు సంగతి ఈయనకెందుకు?"

సాయంత్రం నర్సు వచ్చి సంతకం పెట్టించుకుంది. ముసలాయన ఆగలేకపోయాడు.

"మందుదేనా సిస్టర్?"

"మందుదే తాతగారూ."

ముసలాయన నవ్వాడు. తెగిన కాలి మీద చెయ్యి వేసుకుని "అయితే సరే" అన్నాడు.

ఆ నవ్వుకి పెయింటర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశావా ఆ నవ్వు? తనది పోయింది, నాదెప్పుడు పోతుందా అని కాచుక్కూచున్నాడు. సిస్టర్, ఈయన్నైనా మార్చండి, నన్నైనా పంపెయ్యండి."

"ఆయనేమన్నారని అంత..."

"ఆ మొహం నాకు కనపడకూడదు. అంతే."

వార్డులో ఇంకో మంచం ఖాళీ లేదు. నర్సు ఆ మాటే చెప్పబోయింది.

"వరండాలో గాలి బాగుంటుందిలేమ్మా, నా మంచం అక్కడ వెయ్యి" అని ముసలాయనే చంకకర్ర అందుకున్నాడు. వెళ్తూ వెళ్తూ దిండు పెయింటర్ భార్య చేతికిచ్చాడు. పెయింటర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

మర్నాడు బెలూన్ పెట్టారు. ఆ మర్నాడు పెయింటర్ వార్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. పిక్క పట్టలేదు. ఎప్పుడూ చల్లగా ఉండే పాదం వెచ్చగా ఉంది. నోరు మాత్రం చల్లబడలేదు.

"మళ్లీ పూడుకుపోదని నమ్మకమేంటి డాక్టర్ గారూ?"

"పూర్తి హామీ ఎవరూ ఇవ్వలేరు. కానీ నాళం గోడకి మందు అంటుకుని ఉంటుంది. మామూలు బెలూన్ కంటే ఎక్కువ కాలం తెరిచి ఉంచుతుంది."

"మాటలు చెప్పడానికేం. ఎవరు చూశారు?"

"మేమే చూశాం" అన్నాడు డాక్టర్. ఆయన గొంతూ కొంచెం పెరిగింది. "ఒప్పుకున్నవాళ్లలో సగం మందికి మందుది, సగం మందికి మామూలుది పెట్టాం. ఎవరికేది పెట్టామో అంతా అయ్యాకే చెప్పాం. మామూలుది పెట్టినవాళ్లలో ఎక్కువమందికి మళ్లీ పూడుకుపోయింది. అది చూశాకే మీలాంటివాళ్లకి మందుది పెడుతున్నాం."

పెయింటర్ భగ్గుమన్నాడు.

"అంటే వాళ్లని బలిపెట్టారన్నమాట."

"అప్పట్లో అందరికీ పెట్టేది మామూలుదే. తమకి ఏది పడుతుందో తెలియదని తెలిసే ఒప్పుకున్నారు. నాళం మూసుకుపోయాక కూడా పిలిచినప్పుడల్లా వచ్చి చూపించుకున్నారు, లెక్క తప్పకూడదని."

"ఊరుకోండి సార్. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం తన కాలు పణంగా పెట్టే పిచ్చోడు ఎవడుంటాడండీ?"

డాక్టర్ వరండాలో ఖాళీగా ఉన్న మంచం వైపు చూశాడు.

"పొద్దున్నే ఇంటికి వెళ్లిపోయాడు" అన్నాడు.