పసుపు పూసిన వాల్వు

మోటార్లన్నీ మాటలు నేర్చిన రోజులవి. ఎత్తిపోతల పంపుహౌసులో కౌసల్య చూసుకునే, మోటారును మెల్లగా లేపే సాఫ్ట్ స్టార్టరు పెట్టె కూడా ఊరి యాసలోనే మాట్లాడేది. దాని ముందువైపు కన్నులా ఒక కెమెరా ఉండేది.

"అక్కా, మోటారు రెండుసార్లు ట్రిప్పయింది. పది సెకన్లకు లేవలే, ఇరవైకీ లేవలే. ముప్పై పెట్టాల్నా?"

కరెంటు పంచే యంత్రం ఊరికి మూడు ప్రయత్నాలే ఇస్తుంది. ఇదీ పోతే వంతు పై ఊరికి పోతుంది. మళ్లీ వచ్చేసరికి నారుమళ్లు ఎండిపోతాయి. బయట ఊరంతా కొత్త నీళ్ల కోసం నిలబడి ఉంది.

"ఆగు తమ్మీ. నిరుడు పదికే లేచింది కద!"

కౌసల్య బయటికొచ్చి పైపు వెంట నడిచింది. వాల్వు చక్రం నిండా పసుపు, కుంకుమ బొట్లు. పట్టి చూస్తే పూర్తిగా తెరిచి ఉంది. అది మూసి ఉంటేనే మోటారు తేలిగ్గా లేస్తుంది.

"పెద్దనాయనా, దీన్ని ఎవరు తిప్పిన్రు?"

పూజ చేసిన ఐలయ్య తల గోక్కున్నాడు. "కాయ కొట్టంగనే గంగమ్మ దుంకాలని నేనే తిప్పిన బిడ్డా."

"గంగమ్మ కంటే ముందు నువ్వే దుంకినవ్!"

అందరూ నవ్వారు. కౌసల్య వాల్వు మూసి, స్టార్టరును మళ్లీ పది సెకన్లకే పెట్టమంది. మోటారు మెల్లగా గొంతు సవరించుకుని లేచింది. అప్పుడామె చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పింది. కాలువలో నీళ్లు నురగలు కక్కుతూ పరుగెత్తాయి.

ఐలయ్య సంబరంగా లోపలికి పోయి, మిగిలిన కుంకుమతో స్టార్టరుకు ఇంత బొట్టు పెట్టాడు.

"అక్కా, నా కంట్ల పెట్టిండు!"